దుబాయ్ ఫోన్‌కి గౌలిగూడలో డిస్‌ప్లే వేయిస్తే డ్యూటీ కట్టాలా?

దుబాయ్‌లో ఉండే మా బావ పోయిన నెల ఫోన్ చేశాడు. "ఇక్కడ డిస్‌ప్లే పోయిన ఫోన్లు ఇరవై ఉన్నాయిరా. పంపిస్తా, హైదరాబాద్‌లో బాగు చేయించి తిరిగి పంపు. లాభం చెరి సగం." ఐడియా బాగుంది కదా!

గౌలిగూడ పాత బస్టాండ్ దగ్గర బండి పెట్టి (2018లో కూలిపోయిన ఆ పెద్ద షెడ్డు గుర్తుందా?) గుజరాతీ గల్లీకి నడిచాను. నాకు తెలిసిన మెకానిక్ అన్న, "ఒక్కోటి నాలుగు వేలల్ల చేసిస్త తమ్మీ" అన్నాడు.

లెక్క తేడా కొట్టింది కస్టమ్స్ దగ్గర. రిపేర్‌కి వచ్చినా సరే, ఎయిర్‌పోర్టులో దిగిన ఫోన్ దిగుమతి కిందే లెక్క. పగిలిన ఫోన్ విలువ 30,000 అనుకుందాం. 15% బేసిక్ డ్యూటీ అంటే 4,500. ఆ పైన 18% ఐజీఎస్టీ, ఇంకో ఆరు వేల పైనే. నాలుగు వేల పనికి పది వేలు దాటిన పన్ను!

అయితే దీనికి మినహాయింపు ఉంది, అదీ 1994 నుంచి. విదేశీ వస్తువుని రిపేర్‌కే తెస్తున్నామని ముందే చెప్పి, బాండ్ రాసిచ్చి, ఆరు నెలల్లో తిరిగి పంపేస్తే డ్యూటీ పడదు. పంపకపోతే మొత్తం కట్టాలి. వచ్చిన వస్తువే వెళ్తోందని రుజువు కావాలి. ఫోన్‌కి ఐఎంఈఐ ఉంది కాబట్టి ఈజీ అనుకున్నా. "బోర్డు మారిస్తె ఐఎంఈఐ మారుతది గదా" అన్నాడు అన్న. నాకు తట్టలేదు.

ఇంకో చిక్కు. కొత్త డిస్‌ప్లే ధరలోనూ దిగుమతి సుంకం కలిసే ఉంటుంది. ఎగుమతి చేసేవాళ్లు దాన్ని డ్రాబ్యాక్ కింద వెనక్కి అడగొచ్చు, కానీ కాగితాలు కావాలి. గల్లీలో బిల్లు అడిగితే నవ్వారు.

2023 మే 31న కేంద్ర ఐటీ శాఖ సరిగ్గా ఇలాంటి రిపేర్ పనికే బెంగళూరులో మూడు నెలల పైలట్ మొదలుపెట్టింది. అందులో ఉన్నవి ఫ్లెక్స్, లెనొవో, సీటీడీఐ, ఆర్-లాజిక్, అఫోర్‌సర్వ్. అన్నీ కంపెనీలే. నా దృష్టిలో రూల్ తప్పు కాదు. ఆ బాండ్లు, కాగితాలు నడపాలంటే ఒక ఆఫీసు కావాలి, నాలుగడుగుల కౌంటర్ సరిపోదు.

బావకి వద్దని చెప్పేశాను. మెకానిక్ అన్న తమ్ముడు మాత్రం వచ్చే నెల దుబాయ్ వెళ్తున్నాడు. అక్కడ ఫోన్ రిపేర్ షాపులో పని, వీసా కూడా వచ్చిందట.