మెట్టనేల దేవతలు, ఎడారి దేవతలు

ఎన్నడును లేని ఒక ఎడారి దేశమును, అందొక ప్రాచీన నాగరికతను ఊహించి, ఆ ప్రజలు కొలిచిన దేవతలను వర్ణింపుడని ఒక తరగతి విద్యార్థులను అడిగితిమనుకొందము. వారిలో పెక్కుమంది మొదట వ్రాయునది సూర్యదేవుని గూర్చియే అయి యుండును. నెత్తిపై నిప్పులు చెరుగు సూర్యుడు, ఇసుకతుపానులను లేపు వాయుదేవుడు, పాములతో నిండిన పాతాళము - ఊహ సహజముగా ఈ దారినే పోవును. కాని మానవులు నిజముగా ఎండిన నేలపై కాపురముండిన చోట్ల వారి దేవతలు ఎక్కడ వెలసిరో చూచినచో వేరొక సంగతి తెలియవచ్చును. అందుకు ముందుగా దూరదేశములకు పోనక్కరలేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఏదైన ఒక చెరువుకట్ట మీదికి నడచిన చాలును.

ఈ సీమ ఎడారి కాదు. ఉత్తరమున గోదావరి, దక్షిణమున మానేరు పారుచున్నవి. అయినను నదులు పల్లమున పారును. ఊళ్లు మెట్టమీద నుండును. వానాకాలమున కురిసిన నాలుగు చినుకులే ఏడాది పొడుగున మనుష్యునకు, పశువునకు, పైరునకు ఆధారము. కావుననే రెండు మిట్టల నడుమ కట్ట పోసి, వాననీటిని నిలిపి, చెరువును నమ్ముకొని బ్రదుకుట ఇచటి ఆచారమైనది. కాకతీయుల కాలమున ఈ విద్య పరాకాష్ఠ నందినది.

ఆ కట్టమీద పసుపు కుంకుమలు పూసిన ఒక రాయి కనిపించును. ఒక్కొక్కచోట దానిపై చిన్న గుడి యుండును. ఒక్కొక్కచోట చెట్టునీడయే గుడి. ఆమె కట్టమైసమ్మ. ఆమె పేరులోనే ఆమె కొలువున్న చోటు కలదు. చెరువు నిండి మత్తడి దుమికిన యేట ఊరివారు ఆమెకు మ్రొక్కులు చెల్లింతురు. కట్టకు గండి పడకుండ రేయింబవళ్లు కాచునది ఆమెయే యని వారి విశ్వాసము.

దీనిని మూఢనమ్మకమని త్రోసివేయుట సులభము. కొంచెము ఆలోచింపుడు. కట్ట ఏ ఒక్కరి సొత్తును కాదు. తన పొలమునకు నీరు చాలలేదని రాత్రివేళ ఒకడు దానిని త్రవ్వినచో ఊరంతయు మునుగును, ఆపై ఊరంతయు ఎండును. తూము తీయుటకు, వంతుల వారీగా నీరు పంచుటకు నీరడి యుండెడివాడు. కాని నీరడియు నిద్రపోవును. నిద్రపోని కావలి యొకటి కట్టమీద నున్నదను తలపు, పలుగు పట్టిన చేతిని ఒక్క క్షణమైనను ఆపి యుండదా? పదిమంది కలిసి చేసికొన్న కట్టుబాటునకు ఆ రాయి సాక్షి.

ఊరి మొదట వేపచెట్టు నీడను పోచమ్మ యుండును. మశూచి ఊరిపై బడిన కాలమున, అమ్మవారు వచ్చినదని భయపడి వేపమండలతో, సాకతో ఆమెను చల్లబరచెడివారు. మన దేశమున ఆ వ్యాధి తుదిసారి కనిపించినది 1975లో. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అది లోకమంతటను అంతరించినదని ప్రకటించినది. వ్యాధి పోయినది, పోచమ్మ పోలేదు. నేటికిని స్త్రీలు కుండలో అన్నము వండి, వేపమండలు చుట్టి, పైన దీపము నిలిపి, బోనమెత్తి ఆమె కడకు పోవుచునే యున్నారు. ఏలయన, వేడి యనునది ఇచట ఒక వ్యాధికి మాత్రమే చెందినది కాదు. ఎండ కాచు దేశమున దైవానుగ్రహమునకు మరియొక పేరు చల్లదనము.

బతుకమ్మను చూడుడు. తంగేడు, గునుగు ఎవ్వరును నాటి నీరు పోసి పెంచిన పూలు కావు. బీళ్లలో, గట్లపై తమంత తామే పూయునవి. వానచే బ్రతికిన ఆ పూలనే పేర్చి, తొమ్మిది నాళ్లు ఆడి, తుదకు చెరువునీటిలో విడుతురు. సిరిసిల్ల నేతపనివారి పురాణము కూడ నీటిని విడువలేదు. పద్మశాలీలకు మూలపురుషుడైన భావనాఋషి దేవతలకు నేసిన వస్త్రము తామరతూడు దారముతో నేసినదని వారి ఐతిహ్యము. తామరకు కొలను కావలెను గదా!

ఇక నిజమైన ఎడారికి పోదము. ఆ దారి ఈ మూడు పట్టణములవారికి క్రొత్తది కాదు. చుట్టుపట్ల పల్లెల నుండి ఎందరో కూలికై గల్ఫు దేశములకు తరలిపోయిరి, నేటికిని పోవుచున్నారు. వారు పోవు దేశములలో బహ్రెయిన్ ఒకటి. క్రీ.పూ. 3వ సహస్రాబ్ది చివర అచట దిల్మున్ అను నాగరికత వర్ధిల్లినది. వారు ఒకవంక సుమేరు నగరములతోను, వేరొకవంక సింధు ప్రజలతోను వర్తకము చేసిరి. సింధు తూకపురాళ్లు ఆ ద్వీపమున దొరికినవి.

1954 మొదలుకొని డెన్మార్కు పండితులు బార్బార్ అను గ్రామము కడ త్రవ్వకములు జరిపి, ఒకదానిపై నొకటిగా కట్టిన మూడు ఆలయములను వెలికితీసిరి. ఆ ఆలయమున ముఖ్యమైనది ఎత్తైన గోపురము కాదు, సూర్యుని విగ్రహము కాదు. మెట్లు దిగిపోగా, చెక్కిన రాళ్లతో కట్టిన ఒక ఊటబావి! ఎడారి ప్రజలు దేవుని వెదకుచు పైకి చూడలేదు, క్రిందికి దిగిరి.

సుమేరు కథయొకటి ఈ భావమునే చెప్పుచున్నది. దిల్మున్ నగరమున నీరు లేదని దేవి మొరపెట్టుకొన్నది. మంచినీటి దేవుడైన ఎన్కి ఆజ్ఞ యొసగగా, సూర్యదేవుడు ఉటు భూగర్భము నుండి తీయని నీటిని పైకి తెచ్చెనట. మన విద్యార్థులు సింహాసనమెక్కించిన సూర్యుడు ఇచట నీరు మోయు పనివాడు! దిల్మున్ ప్రజల దైవమైన ఇన్‌జాక్ కూడ, ఎన్కి బాధను మాన్పుటకై పుట్టిన దేవతలలో నొకడని ఆ కథయే చెప్పును.

బార్బార్‌లో రాగితో చేసిన వృషభ శిరస్సు దొరికినది. వేములవాడ రాజన్నకు భక్తులు కోడెను కట్టి మ్రొక్కు తీర్చుకొందురు. ఇంతమాత్రమున ఈ రెంటికిని చుట్టరికము కలదని విద్యార్థులు తొందరపడి వ్రాయరాదు. ఒకరిని చూచి యొకరు నేర్చుకొనకయే, ఒకే కొరత ఇరువురను ఒకే తావునకు, నీటి యొడ్డునకు, నడిపించినదని మాత్రము చెప్పవచ్చును.

అయితే ఆ ద్వీపపు తరువాతి చరిత్ర కూడ మనము చదువవలెను. వేలయేండ్లు ఉబికిన అచటి ఊటలు, 20వ శతాబ్దిలో బోరులతో నీటిని మితిమీరి తోడుటచే చాలవరకు ఎండిపోయినవి. దేవుని బావి నేడు యాత్రికులు చూచిపోవు శిథిలము.

మన సీమకును క్రొత్త నీళ్లు వచ్చినవి. 1963 జూలై 26న నెహ్రూ పోచంపాడు వద్ద శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు కాలువ జగిత్యాల, కోరుట్ల పొలములను తడిపినది. బోరుబావులు ఇంటింట వెలసినవి. మేలే జరిగినది. కాని నీరు వేరొక దారిని వచ్చినప్పుడు, కట్టవైపు చూచు కన్నులు తగ్గినవి. చెరువు శిఖమును ఆక్రమించుట, కాలువలను పూడ్చుట పెక్కుచోట్ల వింటిమి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకమున అనేక చెరువుల పూడిక తీయబడినది. కాని తీసిన పూడిక మరల చేరకుండ చూచుట ప్రభుత్వమొక్కటియే చేయగల పని కాదు. మైసమ్మకు సిమెంటు గుడి కట్టి, ఆమె కాచిన చెరువును ప్లాట్లుగా కోసినచో, ఆమె ఇక దేనిని కాయవలెను?

ఉపాధ్యాయులకు ఒక మనవి. కల్పిత నాగరికతను గూర్చి వ్యాసము వ్రాయించుటకు ముందు, ఒక ఆదివారము విద్యార్థులను మీ ఊరి చెరువుకట్టకు తీసికొని పొండు. ఆ రాయి ఎప్పటిది, తూము ఎక్కడ, మత్తడి తుదిసారి ఏ యేట దుమికినది, చెరువు నాడెంతవరకు వ్యాపించి యుండెను అని ఊరి పెద్దలను అడిగి వ్రాసికొమ్మనుడు. ఆ సమాధానములు చెప్పగల వృద్ధులు ఇంకను కొందరున్నారు. తరువాత వారు ఏ ఎడారినైనను కల్పింపవచ్చును. అందు మొదటి దేవుని ఎక్కడ నిలుపవలెనో వారికి ఎవ్వరును చెప్పనక్కరలేదు.