నూడుల్స్ బండి – ఊబకాయం

ఆరోగ్యమే మహాభాగ్యం అన్నారు పెద్దలు. గంట కొట్టగానే కంచం పట్టుకుని వరుసలో నిలబడే మనకు ఊబకాయమేమిటి, అది పట్నంలో డబ్బున్న పిల్లల జబ్బు కదా అని తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అనుకోవచ్చు. కానీ టెన్త్ కాగానే మనలో చాలామంది మొవ్వ విడిచి బందరో, గుడివాడో, విజయవాడో చేరేవాళ్ళమే. అక్కడ భోజనానికి గంట కొట్టేవారుండరు. సందు చివర నూడుల్స్, మంచూరియా బండి మాత్రం రోజూ ఉంటుంది.

అసలు ఫాస్ట్‌ఫుడ్‌తో ఒళ్ళు ఎందుకు పెరుగుతుంది? గ్రాము పిండిపదార్థం 4 కేలరీల శక్తినిస్తే, గ్రాము నూనె 9 కేలరీలు ఇస్తుంది. మైదాలో పీచు తక్కువ కనుక త్వరగా అరిగి మళ్ళీ ఆకలేస్తుంది. దానికి తోడు కూల్‌డ్రింక్. 300 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 30 గ్రాముల చక్కెర, అంటే ఆరు చెంచాలు. అది కడుపు నింపదు. ఇక పట్నంలో ఇంటర్ చదివేవారిలో చాలామందికి ఆటస్థలమే ఉండదు. ఖర్చుకాని శక్తి కొవ్వుగా నిల్వ ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 5–19 ఏళ్ళ వారిలో ఊబకాయులు 1990లో 2 శాతం, 2022లో 8 శాతం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ మహిళల్లో నూటికి 36 మంది అధిక బరువున్నవారే. పైగా భారతీయులకు కొద్దిపాటి బరువు పెరిగినా షుగరు వచ్చే ప్రమాదం ఎక్కువ.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. నాలాంటివారు ఈ హాస్టల్లో ఎందరో! కూలికి వెళ్ళే అమ్మానాన్నల ఆశలన్నీ మన మీదే. ఉద్యోగం వచ్చే వయసుకే షుగరు, బీపీ వస్తే జీతం ఇంటికి కాదు, మందుల షాపుకు పోతుంది.

అలాగని బండి వైపు చూడనే వద్దని కాదు. రోజూ తినేది నెలకోసారి చేసుకుందాం. మన సెంటర్లో పునుగులు, మిరపకాయ బజ్జీలూ నూనెలో వేగినవేనని మరచిపోవద్దు. ఉడికించిన శనగలు, వేరుశెనగలు, అరటిపండు, మజ్జిగ తక్కువ ఖర్చుతో కడుపు నింపుతాయి. రోజుకో గంట కబడ్డీయో, వాలీబాలో, నడకో తప్పనిసరి. లావుగా ఉన్న స్నేహితుల్ని ఎగతాళి చేయకుండా ఆటకు పిలవండి.

మిత్రులారా! ఇక్కడ విసుక్కుంటూ తింటున్న పప్పు, ఆకుకూర, గుడ్డు విలువ పట్నం వెళ్ళాక తెలుస్తుంది. ఆ అలవాటును కూడా సర్టిఫికెట్లతో పాటు వెంట తీసుకువెళ్ళండి.