పొగ వాళ్లది... మోత మనది

మత్తులో తూగే స్నేహితుల కథలంటే కుర్రకారుకు ఎందుకంత ఇష్టం? ఆ నవ్వులో ఉన్నదేమిటి, లేనిదేమిటి? గంజాయి సంచులు దాటిపోయే శ్రీకాకుళం, విజయనగరం దారుల్లో నిలబడి అడగాల్సిన ప్రశ్న ఇది.

ఇద్దరు స్నేహితులు. జేబులో డబ్బుండదు, చేతిలో పనుండదు. ఒక దమ్ము లాగుతారు. ఆకలేస్తుంది. తినడానికి ఏదైనా తెచ్చుకుందామని గడప దాటుతారు. ఆ చిన్న పని తెల్లారేదాకా తెమలదు. దారి తప్పుతారు, పోలీసుల కంటపడతారు, ఎవరివో కష్టాలు నెత్తికెత్తుకుంటారు, పోట్లాడుకుంటారు, మళ్లీ ఒక్కటవుతారు. హాలీవుడ్ ఈ తరహాను ‘స్టోనర్ కామెడీ’ అంటుంది. 1978లో చీచ్ మారిన్, టామీ చాంగ్ జంట నటించిన ‘అప్ ఇన్ స్మోక్’ దీనికి దారి వేసింది. మెక్సికో నుంచి లాస్ ఏంజెలెస్‌కు తాము తోలుకొస్తున్న వ్యానే గంజాయితో తయారైందని అందులో మిత్రులిద్దరికీ తెలియదు. ఆ తర్వాత 1998లో ‘ది బిగ్ లెబోవ్‌స్కీ’, 2008లో ‘పైనాపిల్ ఎక్స్‌ప్రెస్’ అదే దారిలో నడిచాయి.

వీటిలో మనకు దగ్గరి చుట్టం లాంటిది 2004లో వచ్చిన ‘హెరాల్డ్ అండ్ కుమార్ గో టు వైట్ క్యాజిల్’. కొరియన్ మూలాలున్న జాన్ చో, భారతీయ మూలాలున్న కల్ పెన్ న్యూజెర్సీ రోడ్ల మీద రాత్రంతా బర్గర్ల కోసం తిరుగుతారు. అందులో కుమార్‌ను డాక్టర్ని చేయాలని తండ్రి పట్టుదల. కొడుకుకేమో ఆ చదువు పట్టదు. పక్కింటి అబ్బాయి మార్కులతో పోల్చి పెంచిన ఏ తెలుగింటి కుర్రాడికైనా ఆ గొడవ అర్థమవుతుంది. అప్పటిదాకా దుకాణదారుగానో టాక్సీ డ్రైవరుగానో తెరమీద మెరిసి మాయమైన ఆసియా ముఖాలు ఆ సినిమాతో కథానాయకులయ్యాయి. కుమార్ వేషం వేసిన కల్ పెన్ 2009లో ఒబామా ప్రభుత్వంలో, వైట్‌హౌస్‌లో ఉద్యోగానికి చేరాడు.

తెలుగు సినిమా దమ్ము స్థానంలో ఎక్కువగా సీసానే పెట్టుకుంది. తరుణ్ భాస్కర్ 2018లో తీసిన ‘ఈ నగరానికి ఏమైంది’లో నలుగురు మిత్రులు తాగిన మైకంలో గోవా చేరిపోతారు. పొగాకు వద్దని హాళ్లలో వేసే ప్రకటనలోని మాటే ఆ సినిమాకు పేరైంది. 2023లో మళ్లీ విడుదల చేస్తే కుర్రాళ్లు తెరతో పాటు డైలాగులు వల్లించారు. అదే 2018లో వచ్చిన ‘హుషారు’లో స్నేహితుడి వైద్యానికి డబ్బు కోసం మిత్రులు బీరు తయారీకి దిగుతారు. 2021 నాటి ‘జాతిరత్నాలు’లో జోగిపేట కుర్రాళ్లు ముగ్గురికీ మత్తు అక్కర్లేదు. వాళ్ల అమాయకత్వమే వాళ్లను హైదరాబాద్‌లో కేసులో ఇరికిస్తుంది.

బొంకులదిబ్బ జంట

అయితే పొగ, కబుర్లు, బాకీలు, ప్రయాణం కలిపిన స్నేహితుల హాస్యం తెలుగుకు సినిమాతో రాలేదు. విజయనగరం బొంకులదిబ్బ మీద మొదలైంది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ను 1892లో జగన్నాథ విలాసినీ సభ ఆ ఊళ్లోనే తొలిసారి ప్రదర్శించింది. 1897లో అచ్చయింది. ఇవాళ మనం చదివేది ఆయన తిరగరాసి 1909లో వెలువరించిన రూపం.

అందులో గిరీశం, వెంకటేశాలను చూడండి. అప్పులవాళ్ల నుంచి, పూటకూళ్లమ్మ నుంచి తప్పించుకోవాల్సిన గురువు ఒకడు. పరీక్ష తప్పి ఇంటిముఖం చూడటానికి జంకుతున్న శిష్యుడు ఇంకొకడు. ఇద్దరూ కృష్ణరాయపురం అగ్రహారానికి ప్రయాణం కడతారు. గురువు దగ్గర శిష్యుడికి చక్కగా వంటబట్టిన విద్య చుట్ట కాల్చడమే. పొగ తాగడానికి పురాణాన్ని సాక్ష్యం పిలిచే గిరీశం పద్యం నాటకం చదవనివాళ్లకూ తెలుసు. అదే నాటకంలో సారా దుకాణం దగ్గర బైరాగి చుట్టూ చేరినవాళ్లు మైకంలో వేదాంతం మొదలుకొని రాజకీయం దాకా తేల్చేస్తారు. చేతిలో ఉన్నది గంజాయి కాకపోవచ్చు. పనిలేని తెలివి, దొంగ ధైర్యం, ఒకరి మాటకు ఒకరి వంత మాత్రం అచ్చంగా అవే.

గురజాడ అక్కడితో ఆగలేదు. గిరీశం మాటలకు మనల్ని పొట్టచెక్కలయ్యేలా నవ్విస్తూనే ఆ మాటల వలలో పడబోయే వెంకటేశం అక్క బుచ్చమ్మను మన కళ్లముందు నిలబెట్టాడు. మగవాళ్లందరి లెక్కలూ తెలిసిన వేశ్య మధురవాణిని వాళ్లందరికంటే తెలివైనదిగా చూపించాడు. చివరికి వకీలు సౌజన్యారావు పంతులు ముందు గిరీశం బండారం బయటపడుతుంది, బుచ్చమ్మ అతని చేతికి చిక్కదు. నవ్వు ఎక్కడా తగ్గలేదు, నిజం ఎక్కడా దాగలేదు. నూట పాతికేళ్లు దాటినా ఈ తరహా హాస్యానికి నా దృష్టిలో అంతకంటే మంచి కొలబద్ద లేదు.

ఎందుకు నచ్చుతాయి

ఈ సినిమాలను చెత్త అని తీసిపారేసేవాళ్లు వాటి బలాన్ని గమనించడం లేదు. మన ఇళ్లలో మగపిల్లలకు ప్రేమను మాటల్లో చెప్పుకోవడం ఎవరూ నేర్పరు. తండ్రి నేర్పడు, బడి నేర్పదు. ‘నువ్వు లేకపోతే నాకు తోచదురా’ అని ఒక స్నేహితుడు ఇంకొకడితో అనాలంటే తెర మీద మత్తు సాకు కావాల్సి వస్తోంది. ఆ సాకు తీసేస్తే అక్కడ మిగిలేది నిజమైన ఆప్యాయత. కుర్రాళ్లు పదేపదే చూసేది దాన్నే.

రెండోది తీరిక. ఉద్యోగ ప్రకటన కోసం, ఫలితాల కోసం ఏళ్లతరబడి ఎదురుచూసే యువకులు శ్రీకాకుళం, విజయనగరాల్లో వీధికి నలుగురు కనిపిస్తారు. మిగిలినవాళ్లు విశాఖ, హైదరాబాద్, చెన్నై దారి పడతారు. తీరంలో మత్స్యకారుల పిల్లలు గుజరాత్‌లోని వెరావల్ దాకా వేటకు పోతారు. ఊళ్లో మిగిలినవాడికీ, పొరుగూరి గదిలో నలుగురితో సర్దుకున్నవాడికీ స్నేహితుడే ఇల్లు. ఏమీ సాధించకపోయినా ఒక రాత్రంతా సంతోషంగా గడపవచ్చని చెప్పే కథ వాళ్లకు ఊరటనిస్తుంది. ఆ ఊరటను చిన్నచూపు చూడకూడదు.

మూడోది మాట. ‘ఏట్రా బావా’ అంటే ‘ఏటుంది, నువ్వే సెప్పు’ అనే సంభాషణలో కథ లేకపోయినా ప్రాణం ఉంటుంది. మన యాసను తెలుగు సినిమా చాలాకాలం పనివాళ్ల పాత్రలకు, వెకిలి నవ్వులకు వాడుకుంది. విశాఖ మనుషులతో 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’, 2020లో కరుణ కుమార్ తీసిన ‘పలాస 1978’ వచ్చాక ఉత్తరాంధ్ర మాట కథానాయకుల నోట గౌరవంగా వినిపించింది. స్నేహితుల హాస్యానికి ఈ యాస ఎంతో ఇవ్వగలదు.

ఎక్కడ తప్పుతున్నాయి

మొదటి లోపం, ఈ కథల్లో తెల్లవారదు. తెల్లారినా తలనొప్పి తప్ప వేరే ఫలితం ఉండదు. చదువుకునే వయసులో రోజూ గంజాయి పీల్చేవాళ్లకు జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతింటాయి. కొందరిలో తీవ్రమైన మానసిక వ్యాధి ముప్పు పెరుగుతుంది. తెర మీది కుర్రాడు సినిమా అయ్యేసరికి తేరుకుంటాడు. ఇంట్లోని కుర్రాడిని మామూలు మనిషిని చేసుకోవడానికి తల్లికి ఏళ్లు పట్టవచ్చు.

రెండోది, ఆడవాళ్లు. ఈ సినిమాల్లో వాళ్లు ఎక్కువగా అడ్డుపడే ప్రేయసి, అరిచే తల్లి, అందని కల. స్నేహితురాలు ఉండదు. రాత్రంతా ఊరు తిరిగే స్వేచ్ఛ ఆడపిల్లకు ఎందుకు లేదన్న ప్రశ్న ఏ పాత్రకూ తట్టదు. మధురవాణిని సృష్టించిన ఊరి ప్రేక్షకులుగా దీన్ని మనం ఒప్పుకోకూడదు.

మూడోది మాకు అన్నిటికంటే దగ్గరిది. తెర మీద గంజాయి జేబులోంచి ఊడిపడుతుంది. ఎక్కడ పండింది, ఎవరు మోశారు అన్నది ఎవరికీ పట్టదు. పాడేరు, చింతపల్లి మన్యంలో, అటు ఒడిశాలోని మల్కన్‌గిరి, కోరాపుట్ కొండల్లో ‘శీలావతి’ పేరుతో పండిన సరుకు మన మీదుగానే దిగుతుంది. కోరాపుట్ నుంచి సాలూరు మీదుగా విజయనగరానికి ఒక దారి. ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, శ్రీకాకుళం కలిపే 16వ నంబరు జాతీయ రహదారి ఇంకొకటి. దానికి తోడు హౌరా-చెన్నై రైలు మార్గం. 2021 చివర్లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో పోలీసులు విశాఖ మన్యంలో వేల ఎకరాల తోటలు నరికించారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ‘ఈగల్’ అనే ప్రత్యేక విభాగాన్ని పెట్టింది. అయినా రైల్లో బ్యాగుతో కుర్రాడు పట్టుబడ్డాడన్న వార్త జిల్లా పేజీల్లో ఆగలేదు.

ఆ కుర్రాడికి ఎదురయ్యేది 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం. కిలో వరకు గంజాయి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కిలో దాటి 20 కిలోల లోపైతే 10 ఏళ్ల దాకా శిక్ష పడవచ్చు. 20 కిలోలు దాటితే 10 ఏళ్లకు తగ్గదు, 20 ఏళ్ల దాకా వెళ్లవచ్చు, బెయిలు దొరకడమూ కష్టమే. పెట్టుబడి పెట్టినవాడు దూరంగా ఉంటాడు. కూలికి సంచి మోసిన గిరిజన యువకుడు, ఫీజు డబ్బుల కోసం ఒప్పుకున్న విద్యార్థి బోనులో నిలబడతారు. నగరంలో ఒకడి సరదా రాత్రికి మా వైపు ఇంకొకడి యవ్వనం ఖర్చవుతోంది. అలవాటు పడినవాడు తనంతట తానే చికిత్సకు ముందుకొస్తే కేసు నుంచి మినహాయింపు పొందే వీలు ఇదే చట్టంలోని 64ఏ సెక్షన్‌లో ఉంది. సమాచారం ఇవ్వడానికి 1972, మాన్పించే సాయానికి 14446 నంబర్లున్నాయి. ఇవి ప్రతి కాలేజీ గోడ మీదా కనిపించాలి.

మన దగ్గర పుట్టాల్సిన కథ

ఇలాంటి సినిమాలు నిషేధించమని నేను అడగడం లేదు. నీతి పాఠంగా మార్చమనీ అడగను. నవ్వు తగ్గిన రోజున వాటిని ఎవరూ చూడరు. నేను కోరేది చట్రం పెద్దది కావాలని. ఆ ఇద్దరు స్నేహితుల పక్కన చెల్లెలు నిలబడాలి, తల్లి నిలబడాలి, సంచి మోసినవాడూ నిలబడాలి. వాళ్లందరూ ఉన్నా నవ్వు నిలిచిందంటే అది గట్టి హాస్యం. వాళ్లు రాగానే చచ్చిపోయే నవ్వు మొదటి నుంచీ బోలుదే.

ఈ పని ఉత్తరాంధ్ర కుర్రాళ్లు చేయగలరు. ఫోన్‌లోనే సినిమా తీసేవాళ్లు ఇప్పుడు ఊరూరా ఉన్నారు, యాస ఉంది, చెప్పాల్సిన కథా ఉంది. పలాస స్టేషన్‌లో బ్యాగుతో పట్టుబడినవాడికి కూడా ఒక స్నేహితుడు ఉంటాడు. జామీనుదార్ల కోసం, లాయరు ఫీజు కోసం, వాళ్లమ్మకు చెప్పాల్సిన మాట కోసం అతను ఒక రాత్రంతా శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా తిరిగాడనుకోండి. దారి తప్పడం, ఆకలి, పోలీసులు, పోట్లాట, ఆప్యాయత అన్నీ అందులో ఉంటాయి. కడుపుబ్బ నవ్వించే అవకాశమూ అంతే ఉంటుంది. తేడా ఒక్కటే, ఆ కథలో తెల్లవారుతుంది. ఆ సినిమా తీసే కుర్రాళ్లకు మన జిల్లాల హాళ్లు, కాలేజీలు, నాటక సంఘాలు ముందుగా తలుపు తెరవాలి.