వేసవిలో వచ్చే క్రిస్మస్: దక్షిణాఫ్రికా తెలుగు సంఘాల నుండి కొన్ని పాఠాలు

క్రిస్మస్ అనగానే మన మనస్సులో ఒక చిత్రం మెదులుతుంది. చలి, మంచు, దీర్ఘమైన రాత్రి, చీకటిలో వెలిగే నక్షత్రం. ఈ చిత్రంలో ఎంత భాగం సువార్తలో ఉన్నది, ఎంత భాగం ఋతువు నుండి వచ్చినది అనే ప్రశ్నకు జవాబు వెదకాలంటే, క్రిస్మస్ ఎండాకాలంలో వచ్చే దేశాన్ని పరిశీలించడం మంచిది. అటువంటి దేశాలలో దక్షిణాఫ్రికా మనకు పరాయిది కాదు. అక్కడి ఒక సంఘ చరిత్ర నెల్లూరులోనే మొదలైంది.

తోటల మధ్య పుట్టిన సంఘం

1860 నవంబరులో మద్రాసు నుండి బయలుదేరిన 'ట్రూరో' అనే ఓడ డర్బన్ రేవు చేరింది. అది మొదలు 1911 వరకు 1,52,184 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా నేటాల్‌కు వెళ్లారు. వారిలో తమిళులతో పాటు తెలుగువారూ అనేకులు. చెరకు తోటలలో, తేయాకు తోటలలో పనికి కుదిరిన వీరిలో నెల్లూరు ప్రాంతపు బాప్టిస్టు విశ్వాసులు కొందరున్నారు. వారికి కాపరి లేడు. నెల్లూరు కేంద్రంగా పనిచేసిన తెలుగు బాప్టిస్టు స్వదేశ మిషనరీ సంఘం 1903లో జాన్ రంగయ్యగారిని వారి యొద్దకు పంపింది. ఆయన డర్బన్‌కు ఉత్తరాన ఉన్న కెర్స్నీ తేయాకు తోటలో పరిచర్య ప్రారంభించి, అదే సంవత్సరం డిసెంబరు నెలాఖరున అక్కడ సంఘాన్ని స్థాపించారు. 1915లో మరణించేవరకు ఆ దేశంలోనే సేవ చేశారు. మిషనరీలను పొందుతున్న తెలుగు సంఘం ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభంలోనే మిషనరీని పంపిందన్న సంగతి మన విద్యార్థులకు తెలిసి ఉండాలి.

ఆ సంఘం పుట్టిన డిసెంబరు మన డిసెంబరు కాదు. అది నడివేసవి.

వేసవి పండుగ రూపం

భూమధ్యరేఖకు దక్షిణాన ఋతువులు తారుమారవుతాయి. సంవత్సరంలో అతి దీర్ఘమైన పగలు అక్కడ డిసెంబరు 21, 22 తేదీలలో వస్తుంది. క్రిస్మస్ రోజున డర్బన్‌లో ఉదయం అయిదు గంటలకే తెల్లవారి, సాయంత్రం ఏడు వరకు పొద్దుంటుంది. మన ఏ.ఎస్. రావు నగర్‌లో చలి వేకువలో శాలువాలు కప్పుకొని ఆరాధనకు వెళ్తాము. అక్కడ ఉక్కపోతలో తలుపులు, కిటికీలు తెరిచి ఆరాధిస్తారు. మనకు మండువేసవిలో ఎర్రగా పూసే తురాయి చెట్టు అక్కడ క్రిస్మస్ కాలంలో పూస్తుంది. మామిడిపండ్లు, లీచీపండ్లు వచ్చే కాలమూ అదే.

పండుగ ఆచారాలు కూడా దీనికి తగినట్లే ఉంటాయి. బ్రిటిష్‌వారు తెచ్చిన పుడ్డింగు, అలంకరించిన చెట్టు ఒకవైపు నిలిచి ఉండగా, మరొకవైపు ఆరుబయట నిప్పులపై మాంసం కాల్చుకొని కలిసి తినడం, సముద్రతీరానికి వెళ్లడం, ఉద్యానవనాలలో కొవ్వొత్తులు పట్టుకొని కీర్తనలు పాడడం వాడుకలోకి వచ్చాయి. డిసెంబరు మధ్య నుండి అనేక కర్మాగారాలు, నిర్మాణ పనులు ఆగుతాయి. నగరాలలో పనిచేసే వలస కార్మికులు సొంత ఊళ్లకు వెళ్తారు. అనేక కుటుంబాలకు తండ్రి ఇల్లు చేరడమే క్రిస్మస్.

వెలుగు అనే సాదృశ్యం

డిసెంబరు 25ను ప్రభువు జన్మదినంగా పేర్కొన్న తొలి స్పష్టమైన ఆధారం క్రీ.శ. 354 నాటి రోమా పంచాంగంలో ఉంది. ఈ తేదీని రోమీయుల సూర్యుని పండుగకు ప్రతిగా ఎంచుకున్నారని కొందరు పండితులు, మార్చి 25 నుండి తొమ్మిది నెలలు లెక్కించి నిర్ణయించారని మరికొందరు చెప్తారు. ఏదైనప్పటికీ, ఉత్తర దేశాలలో అది రాత్రులు తగ్గనారంభించే సమయం. అందువలన, చీకటి తగ్గి పగలు పెరిగినట్లు క్రీస్తు వచ్చాడు అనే సాదృశ్యం ప్రసంగాలలో స్థిరపడింది.

ఈ ప్రసంగాన్ని డర్బన్‌లో చేస్తే అర్థం తలకిందులవుతుంది. అక్కడ క్రిస్మస్ తరువాత పగలు తగ్గుతుంది. అంటే వాక్యం విఫలమైనదా? కాదు, సాదృశ్యం తన హద్దు దాటింది. యెషయా 9:2లోని చీకటి యుద్ధము, అణచివేతల చీకటి. యోహాను 1:5లోని చీకటి దేవుని ఎరుగని లోకపు స్థితి. లూకా 2వ అధ్యాయంలో గొర్రెల కాపరులు, రాత్రి కావలి ఉన్నాయి గాని, నెల పేరు లేదు, మంచు లేదు. వాక్యభాగంలో లేనిదాన్ని ఋతువు నుండి తెచ్చి దానిపై సిద్ధాంతం నిలపకూడదు.

తీరం మీద స్థలం

అట్లని స్థానిక ఆచారమైతే చాలునని అనుకోరాదు. 1953లో వచ్చిన ప్రత్యేక సదుపాయాల చట్టం ప్రకారం దక్షిణాఫ్రికాలో సముద్రతీరాలు సహా బహిరంగ స్థలాలను జాతుల వారీగా కేటాయించారు. 1990లో ఆ చట్టం రద్దయ్యేవరకు, క్రిస్మస్ నాడు ఏ కుటుంబం ఏ ఇసుకపై కూర్చోవాలో చర్మపు రంగు నిర్ణయించేది. 1950 నాటి నివాస ప్రాంతాల చట్టం వలన డర్బన్ భారతీయులు వేలాదిగా పాత ఇళ్లు విడిచి చాట్స్‌వర్త్ వంటి పేటలకు తరలవలసి వచ్చింది. సత్రంలో స్థలం దొరకలేదన్న మాట (లూకా 2:7) వారికి వ్యాఖ్యానం అవసరం లేని మాట. 1995 నుండి ఆ దేశం డిసెంబరు 16ను సమాధాన దినంగా ఆచరిస్తున్నది. ఎఫెసీ 2:14లోని మధ్యగోడను గూర్చి బోధించడానికి క్రిస్మస్ ముందు ఇంతకంటె అనుకూలమైన దినం ఉండదు.

మన పరిచర్యకు అన్వయం

కాబట్టి ఆచారం విదేశీయమా, స్వదేశీయమా అనే ఒక్క ప్రశ్నతో ఆగకుండా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది వాక్యభాగానికి సేవ చేస్తున్నదా, దాన్ని కప్పివేస్తున్నదా? ఈ ఊరివారికి వివరణ లేకుండా అర్థమవుతుందా? దీనివలన ఎవరు బయట మిగిలిపోతున్నారు?

మొదటి రెండు ప్రశ్నలు మన వేదికపై అంటించే దూది మంచును గూర్చి ఆలోచింపజేస్తాయి. అది పాపం కాదు, కాని దానికి పెట్టే శ్రద్ధ వాక్యానికి పెడుతున్నామో లేదో చూసుకోవాలి. మూడవ ప్రశ్న కఠినమైనది. కొత్త బట్టలు లేనందున ఆ ఒక్కరోజు ఆరాధనకు రాని కుటుంబం మన సంఘంలో ఉండవచ్చు. హైదరాబాదు చుట్టూ ఇటుక బట్టీలలో, భవన నిర్మాణాలలో ఒడిశా మొదలైన రాష్ట్రాల కూలీలు పనిచేస్తున్నారు. ముందుగా డబ్బు తీసుకొని, పిల్లలతో సహా వచ్చి, ఋతువంతా అక్కడే ఉండేవారి బ్రతుకు, కెర్స్నీ తోటలోని మనవారి బ్రతుకుకు ఎంతో దూరం కాదు. తన కూలీల కోసం నెల్లూరు సంఘం సముద్రం దాటించి ఒక కాపరిని పంపింది. ఈ డిసెంబరులో మన కీర్తనల బృందం ఏయే ఇళ్లకు వెళ్లాలో పట్టిక వేసుకునేటప్పుడు, రెండు వీధుల అవతల కడుతున్న భవనం దగ్గరి రేకుల షెడ్లను అందులో చేర్చడం మన చేతిలో పని.