రెండు నిమిషాల నేరానికి ఎన్ని మార్కులు?

కాలేజీ ఫెస్టులో షార్ట్ ఫిల్మ్ పోటీ పెడితే వచ్చే ఎంట్రీల్లో క్రైమ్ థ్రిల్లర్లకు కొదవుండదు. పాటలు అక్కర్లేదు, సెట్లు అక్కర్లేదు, హీరోయిన్ వేషానికి ఎవరూ ఒప్పుకోకపోయినా పని ఆగదు. ఓ చీకటి గది, ఓ టార్చిలైటు, నల్ల హుడీ వేసుకోవడానికి సిద్ధంగా ఓ స్నేహితుడు ఉంటే నేరం జరిగిపోతుంది. హైదరాబాద్ ఉత్తరపు కొసన సుచిత్ర దాటాక పేట్ బషీరాబాద్, కొంపల్లి, మేడ్చల్ మీదుగా సాగే 44వ నంబరు జాతీయ రహదారి వెంట, కరీంనగర్ వైపు పోయే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట పరిసరాల్లో కాలేజీలకు లోటు లేదు. మైసమ్మగూడ, కండ్లకోయల్లో ఇంజనీరింగ్ కాలేజీలు, శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, ఆ దగ్గర్లోనే బిట్స్ పిలానీ క్యాంపస్. ఇక్కడ సినిమాను చదువుగా చదివేవాళ్లు తక్కువ, తీసి చూద్దామనుకునేవాళ్లు మాత్రం తక్కువేమీ కాదు. వాళ్లు తీసింది చూసి లెక్చరర్లు, జడ్జీలు, దోస్తులు తరచూ అనే మాట ఒకటుంది: "అచ్చం సినిమాలా ఉంది." ఇంతకు మించిన మెప్పు లేదనుకుంటాం. చిక్కంతా ఆ మెప్పులోనే ఉంది. థ్రిల్లర్ ఓపెనింగ్, అంటే కథ మొదలయ్యే తొలి రెండు నిమిషాలు, ఎంత సినిమాలా ఉందో కొలవడంలో పడి, తీసినవాళ్లు ఏం ఆలోచించారో కొలవడం మర్చిపోతాం. చూసేవాడి బుర్రలో అది ఏ ప్రశ్న నాటింది, ఎలా నాటింది అన్నదానికే మార్కులు పడాలి. డ్రోన్ షాట్లు, కలర్ గ్రేడింగ్, దడదడలాడే బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ అన్నీ ఆ తర్వాతే.

ఓపెనింగ్ ఒక్కటే తీయించి మార్కులు వేయడం మనకు కొత్తగానీ, బ్రిటన్‌లో అది పరీక్షగానే నడిచింది. 2008 నుంచి ఓసీఆర్ అనే పరీక్షల బోర్డు మీడియా స్టడీస్ విద్యార్థులకు, అంటే మన ఇంటర్ వయసు పిల్లలకు, ఒక ప్రాజెక్టు ఇచ్చింది. ఒక కొత్త కథాచిత్రానికి టైటిల్స్‌తో సహా ఓపెనింగ్ తీయాలి, రెండు నిమిషాలు మించకూడదు. 100 మార్కుల్లో 60 తీసినదానికి, 20 ముందు చేసిన పరిశోధనకు, ప్లానింగ్‌కు, మిగతా 20 తన పనిని తానే విశ్లేషించుకున్నందుకు. అసలు ప్రాజెక్టుకు ముందు ఓ చిన్న కసరత్తు ఉండేది: ఒక మనిషి తలుపు తీసుకుని లోపలికొచ్చి, గదిలో నడిచి, ఇంకో మనిషికి ఎదురుగా కుర్చీలో కూర్చుని రెండు మాటలు మాట్లాడాలి. అంతే. వినడానికి ఇదో పనా అనిపిస్తుంది. తీస్తే తెలుస్తుంది. బయటి షాట్‌లో కుడిచేత్తో తోసిన తలుపు లోపలి షాట్‌లో ఎడమచేతికి మారిపోతుంది. ఇద్దరి మధ్య ఉన్న ఊహారేఖను కెమెరా దాటితే ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు ఒకే దిక్కుకు చూస్తూ మాట్లాడుకుంటున్నట్టు కనిపిస్తారు. హత్య చేయించే ముందు మనిషిని కుర్చీలో సరిగ్గా కూర్చోబెట్టడం నేర్పిన ఆ వరస నచ్చేదే. తర్వాతి విశ్లేషణలో మొదటి ప్రశ్న కూడా ఆలోచించి పెట్టిందే: బయట ఆడుతున్న సినిమాల ఒరవడిని మీ పని ఎక్కడ వాడుకుంది, ఎక్కడ ముందుకు తీసుకెళ్లింది, ఎక్కడ ఎదిరించింది?

ఆ ప్రాజెక్టులో ఒక విచిత్రం ఉంది. అది లేని సినిమాకు ఓపెనింగ్. మూడో నిమిషం ఎవరూ తీయరు. హంతకుడెవరో తీసినవాళ్లకే తెలియకపోవచ్చు. ముగింపు లేనిదానికి మొదలు బాగుందని ఎలా తేల్చేది? న్యాయమైన అభ్యంతరమే. కానీ ఓపెనింగ్ చేసే పని ప్రశ్న లేపడం. ప్రశ్న లేచిందో లేదో తెలుసుకోవడానికి జవాబు చేతిలో ఉండక్కర్లేదు. చూసినవాళ్లలో నలుగురిని విడివిడిగా కూర్చోబెట్టి రెండే సంగతులు అడగాలి. ఇప్పుడు మీకు ఏం తెలుసుకోవాలనిపిస్తోంది? ఇక్కడి నుంచి ఏం జరుగుతుందనుకుంటున్నారు? మొదటిదానికి నలుగురూ నాలుగు సంగతులు చెబితే తీసింది థ్రిల్లర్ కాదు, తికమక. రెండోదానికి నలుగురూ ఒకే జవాబు చెబితే అది ఇదివరకే చూసేసిన కథ. తెలుసుకోవాలనుకున్నది అందరిదీ ఇంచుమించు ఒకటై, ఊహలు మాత్రం తలోదారి పట్టాయంటే ఆ రెండు నిమిషాలు పనిచేశాయన్నమాట. ఈ పరీక్షకు కెమెరా ఖరీదుతో పనిలేదు. జడ్జి ఇష్టాయిష్టాలకు కూడా కొంత కళ్లెం పడుతుంది.

అలాంటి ప్రశ్న ఎలా పుడుతుంది? ఎవరికి ఎంత తెలుసన్న తేడాలోంచి. బల్ల కింద బాంబు ఉన్న సంగతి ప్రేక్షకుడికి చెప్పకుండా పేల్చేస్తే పదిహేను సెకన్ల ఉలిక్కిపాటు, ముందే చూపించి బల్ల దగ్గర కూర్చున్నవాళ్లను కబుర్లాడనిస్తే పదిహేను నిమిషాల ఉత్కంఠ అని హిచ్‌కాక్ చెప్పిన సంగతి సినిమా పిచ్చి ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఆర్సన్ వెల్స్ 1958లో తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్' ఆ మాటకు పాఠంలా మొదలవుతుంది. కారు డిక్కీలో టైం బాంబు పెట్టడం మనం చూస్తాం, కారెక్కినవాళ్లు చూడరు. మూడు నిమిషాలకు పైగా కట్ అన్నది లేకుండా కెమెరా ఆ వీధుల్లో తిరుగుతుంది. మన దగ్గర 2016లో రవికాంత్ పేరేపు తీసిన 'క్షణం' ఇంకో దారి పట్టింది. కూతురు మాయమైందని తల్లి అంటుంది, అసలు కూతురే లేదని చుట్టూ ఉన్నవాళ్లు అంటారు. మనకూ, వెతకడానికి వచ్చిన హీరోకూ తెలిసింది సమానం, అంటే దాదాపు సున్నా. 2019లో వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' దారి వీటికన్నా గడుసైనది. తల్లి ఆఖరి చూపు దక్కని కొడుకుగా ఆత్రేయను మొదట్లోనే చూపిస్తారు. జాలిపడి దాన్ని పక్కన పెట్టేస్తాం. కళ్ల ముందు పెట్టిన ఆ సంగతికి అసలు నేరంతో ఉన్న లంకె చాలా తర్వాతగానీ తెలియదు. విద్యార్థుల ఓపెనింగుల్లో ఈ లెక్కే కనిపించదు. హుడీ వేసుకున్నవాడు ఎవరో మనకు తెలియదు, పారిపోతున్న అమ్మాయికీ తెలియదు, తీసినవాడికీ తెలియదు. ఎవరికీ ఏమీ తెలియనిచోట సస్పెన్స్ ఉండదు, చీకటి ఉంటుంది.

పారిపోతున్న ఆ అమ్మాయి గురించి కూడా ఒక మాట అనుకోవాలి. ఆమెకు పేరుండదు, పనుండదు, ఎక్కడికి పోతోందో ఉండదు. అరవడానికే కథలోకి వస్తుంది. 1931లో ఫ్రిట్జ్ లాంగ్ జర్మనీలో తీసిన 'ఎం' సినిమా మొదలు ఇప్పటికీ దీనికి మంచి మందు. ఎల్సీ అనే చిన్నపిల్ల బడి నుంచి ఇంటికి రావాలి. తల్లి భోజనం సిద్ధం చేసి ఎదురుచూస్తుంటుంది. ఒక మనిషి ఆ పిల్లకు బెలూన్ కొనిపెడతాడు. ఆ తర్వాత మనకు కనిపించేవి ఖాళీ మెట్లదారి, ఎదురుగా ఎవరూ కూర్చోని కంచం, గడ్డిలోకి దొర్లి ఆగిన బంతి, తీగలకు చిక్కుకున్న బెలూన్. వాటి మీదుగా తల్లి పిలుపు వినిపిస్తుంటుంది. కత్తి లేదు, నెత్తురు లేదు, రాత్రి కూడా కాదు, పట్టపగలు. తొంభై ఏళ్లు దాటినా ఆ సన్నివేశం చూసినవాళ్లను వదలదు, ఎందుకంటే పోయిన పిల్ల ఎవరో మనకు తెలుసు. డబ్బు లేదనే విద్యార్థి మొదట చూడాల్సింది దీన్నే. ఇందులో ఏ వస్తువూ ఫ్యాన్సీ షాపులో దొరకనిది కాదు.

ఇక ఊరి సంగతి. మన పిల్లల థ్రిల్లర్లలో నేరస్థలం చుట్టూ అమెరికా సీరియళ్లలో కనిపించే పసుపు టేపు ఉంటుంది, ఇంగ్లీషులో మాట్లాడే డిటెక్టివ్ ఉంటాడు. పేట్ బషీరాబాద్‌లో ఒక ఇంట్లో శవం కనిపిస్తే నిజంగా జరిగేది వేరు. గేటు ముందు జనం పోగవుతారు, కానిస్టేబుల్ వాళ్లను వెనక్కి నెడుతుంటాడు, క్లూస్ టీం వస్తుంది, పక్కింటివాళ్లను పంచులుగా, అంటే సాక్షులుగా, పిలిచి పంచనామా రాస్తారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్లి, ఆధారాలు సేకరించడాన్ని వీడియో తీయించాలంటోంది. ఫోనుతో సినిమా తీసే కుర్రాడికి ఇంతకన్నా వరం ఏముంటుంది? సెల్‌ఫోన్ వీడియో లోపం కాకుండా కథలో భాగమైపోతుంది. ఊరికే ఊహించండి: తెర మీద పోలీసులు తీసుకుంటున్న వీడియో. తేదీ, సమయం చెబుతున్న గొంతు. పంచుగా వచ్చిన పక్కింటాయన, ఈ ఇంట్లో ఎప్పుడూ అడుగుపెట్టలేదు సార్ అంటాడు. లోపలి గది చీకటిగా ఉంటుంది. ఆయన తలుపు వెనక్కి చెయ్యి పోనిచ్చి, వెతుక్కోకుండా లైటు వేస్తాడు. ముట్టుకోవద్దన్నానా అని కానిస్టేబుల్ గదమాయిస్తాడు. వీడియో సాగిపోతుంది. మనం చూశాం, వాళ్లు గమనించలేదు. తెలుసుకోవాలనిపించేది ఒక్కటే, ఊహలు మాత్రం ఎన్నయినా. దీనికి ఖర్చు ఒక గది, నలుగురు మనుషులు.

ఈ ప్రాంతం తనంతట తానే ఇంకా చాలా ఇస్తుంది. 2020లో శైలేష్ కొలను తీసిన 'హిట్' సినిమాకు మూలం అవుటర్ రింగ్ రోడ్డు మీద ప్రీతి అనే అమ్మాయి మాయమవడం. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మేడ్చల్, శామీర్‌పేటల మీదుగానే పోతుంది. టూవీలర్లనూ పాదచారులనూ రానివ్వని రోడ్డది. బండి ఆగడమే అక్కడ భయం, ఎవరూ ప్రత్యేకంగా సృష్టించక్కర్లేదు. (అక్కడ ట్రైపాడ్ పెట్టాలనుకునే కుర్రాళ్లు ఆ ఆశ వదులుకుని సర్వీసు రోడ్డుకు దిగడం మంచిది.) జీడిమెట్ల, మేడ్చల్ పరిశ్రమల్లో పనికి ఉత్తరాది నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కూలీలు వేలల్లో ఉంటారు. ఇక్కడే ఒక తేలిక దారి కాళ్లకు తగులుతుంది: అనుమానం పుట్టించాలంటే హిందీ మాట్లాడే వాచ్‌మన్‌ను ఒకసారి ఓరగా చూపిస్తే సరి. బ్రిటన్ విద్యార్థులను అడిగిన ప్రశ్నల్లో రెండోది, మీ చిత్రం ఏయే సామాజిక వర్గాలను ఎలా చూపిందన్నది. అది ఊరికే పెట్టిన ప్రశ్న కాదు. ముఖం చూపించి పుట్టించిన అనుమానానికి కథలో ఆధారం ఉండదు, చూసేవాడి దురభిప్రాయమే దానికి పెట్టుబడి. నీతి సంగతి అలా ఉంచినా, చేతిపనిగా చూసినా అది బద్ధకం. మార్కులు కోయాల్సిన చోటు.

సినిమా నేర్చుకునేది ముందు అనుకరించే కదా, పిల్లలు డేవిడ్ ఫించర్‌ను కాపీ కొడితే తప్పేంటని అడగొచ్చు. తప్పు లేదు. కాకపోతే ఏది కాపీ కొడుతున్నారో చూడాలి. ఆయన 1995లో తీసిన 'సెవెన్' సినిమాకు కైల్ కూపర్ చేసిన టైటిల్స్‌ను ప్రపంచమంతటా విద్యార్థులు అనుకరించారు. గీతలు పడ్డ అక్షరాలు, అదిరే ఫ్రేములు, కర్ణకఠోరమైన సంగీతం. ఆ టైటిల్స్‌లో అసలు సరుకు వేరు. ఎవరో వేళ్ల కొనల చర్మం గీసుకుంటున్నాడు, నోటు పుస్తకాలు ఓపిగ్గా కుట్టుకుంటున్నాడు. ముఖం కనబడదుగానీ మనిషి అర్థమవుతాడు: తొందర లేనివాడు, ఆనవాలు మిగల్చనివాడు. అదిరే అక్షరాలను తీసుకుని ఆ చేతులను వదిలేసినవాడు అనుకరించింది పెయింటును. చేతులను తీసుకుని, అక్షరాలను మామూలుగా వేసినవాడు పాఠం నేర్చుకున్నాడు. ఒరవడిని వాడుకోవడం, ఎదిరించడం అన్న తేడా ఇక్కడ పట్టుబడుతుంది.

టెక్నిక్‌ను చిన్నచూపు చూస్తున్నావంటారేమో. ఎంతమాత్రం కాదు. ప్రశ్నను మోసినంత మేర టెక్నిక్‌కు మార్కులు ఇవ్వాలి, దాన్ని పడేసినచోట నిర్దాక్షిణ్యంగా తగ్గించాలి. అందులో మొదటి ముద్దాయి సౌండు. హైవే లారీలు, హకీంపేట మీదుగా ఎగిరే విమానాలు, పక్క గదిలో మిక్సీ. ఇందాకటి వీడియోలో పంచుగా వచ్చిన పక్కింటాయన చెప్పిన ఆ ఒక్క అబద్ధం వినపడకపోతే, ఆయన వెతుక్కోకుండా లైటు వేయడానికి అర్థమే లేదు. ఇంకో ఫోనును నటుడి జేబులో పెట్టి మాటలు విడిగా రికార్డు చేయొచ్చు. అదే చోట నిమిషంసేపు అందరూ నోరు మూసుకుని ఊరికే ఉన్న శబ్దాన్ని పట్టుకుంటే ఎడిటింగ్‌లో అతుకులు కనబడవు. సౌండు ఇంత శ్రద్ధగా ఉండి, రాత్రి షాటులో కాస్త గరుకు కనిపిస్తే నేనైతే పట్టించుకోను. చంద్రశేఖర్ యేలేటి తొలి సినిమా 'ఐతే' 2003లో కొత్త ముఖాలతో, కొద్దిపాటి ఖర్చుతో వచ్చి జాతీయ అవార్డు తెచ్చుకుంది. దాన్ని నిలబెట్టింది స్క్రీన్‌ప్లే.

చివరగా, విద్యార్థి తన గురించి తాను రాసుకునే భాగం. సాధారణంగా అందులో టీంవర్క్ నేర్చుకున్నాం, చాలా ఎంజాయ్ చేశాం అని ఉంటుంది. సాఫ్ట్‌వేర్ల పేర్లు ఉంటాయి. వాటివల్ల ఎవరికీ ఏమీ తెలియదు. తెలిసేది తీసేసిన షాటు గురించి రాసినప్పుడు: ఎంతో కష్టపడి తీసిన డ్రోన్ షాట్ వదిలేశాం, ఎందుకంటే పైనుంచి చూస్తే వెనక గేటు కనబడుతోంది, కనబడితే ఎలా తప్పించుకున్నాడన్న ప్రశ్నే ఉండదు. ఇలాంటి వాక్యం ఒక్కటి రాయగలిగితే ఆ కుర్రాడికో అమ్మాయికో తాము తీసిందేమిటో తెలుసు. బ్రిటన్ పరీక్షలో ఈ విశ్లేషణకు పెట్టిన ఆ 20 మార్కుల్లో 15 ఈ ఒక్క వాక్యానికే ఇచ్చేయొచ్చు. మిగతా 5, బొమ్మ తుపాకీ పట్టుకుని వీధిలోకి దిగే ముందు పోలీస్ స్టేషన్‌లో ఆ సంగతి చెప్పి వచ్చినందుకు.