ఆకాశము నుండి చూచిన మన చెరువు

శ్రీహరికోటలో రాకెట్టు లేచు దినమున నాయుడుపేట పరిసర గ్రామములలోని ప్రజలు మేడలపైకెక్కి ఆగ్నేయ దిక్కునకు చూచుట పరిపాటి. ఒక నిప్పు తోక, దాని వెంబడి పొగచార కనబడును. అటుపై ఎవరి పనులకు వారు పోవుదురు. పైకి పోయిన ఉపగ్రహము ఆ తరువాత ఏమి చేయుచున్నదో ఆలోచించువారు తక్కువ. అట్టి ఉపగ్రహములలో కొన్ని మన చెరువులను, మన పొలములను, మన స్వర్ణముఖి ఇసుక తిన్నెలను మరల మరల చూచుచున్నవి. ఆ చూపు గ్రామ పంచాయతీకి ఏ విధముగా అక్కరకు వచ్చునో తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

చెరువు ఒక్క దినములో పోదు. కట్ట తెగిన యెడల ఊరంతయు పరుగెత్తి వచ్చును. కాని చెరువు గర్భములో ఎగువ అంచున ఏటికొక చాలు చొప్పున ముందుకు దున్నుకొని వచ్చినచో ఎవరికిని కనబడదు. వరవ కాలువలో ముండ్లకంప పెరిగి, మన్ను పూడి, చివరకు కాలువయే గట్టుగా మారును. ఇరువది సంవత్సరములు గడచిన పిమ్మట "ఇచ్చట చెరువు ఎంతవరకు ఉండెడిది?" అని ప్రశ్నించిన, పెద్దలు ఒక విధముగను, పిన్నలు మరియొక విధముగను చెప్పుదురు. మనుష్యుల జ్ఞాపకము మారును; ఆ నాడు తీసిన చిత్రము మారదు.

ఒక వస్తువును ముట్టకయే దూరము నుండి దాని స్థితిని తెలిసికొను విద్యకు దూరగ్రహణము, అనగా రిమోట్ సెన్సింగు అని పేరు. ఇది మనకు బొత్తిగా క్రొత్తది కాదు. రైతు గట్టుపై నిలిచి, పైరు రంగు చూచి, ఎరువు చాలలేదని చెప్పును. ఉపగ్రహము చేయుపనియు అదియే. అయితే మన కంటికి కానరాని పరారుణ కాంతిని సైతము అది గ్రహింపగలదు. ఆరోగ్యముగా నున్న పచ్చని ఆకు ఈ పరారుణ కాంతిని విశేషముగా వెనుకకు త్రిప్పి పంపును. నీరు దానిని దాదాపుగా పూర్తిగా మ్రింగివేయును. ఈ ఒక్క భేదము ఆధారముగా పైరెక్కడ, నీరెక్కడ, బీడెక్కడ అని వేరుపరచుట సాధ్యమగుచున్నది.

మన దేశములో ఈ విద్యకు ఆద్యుడు ఆచార్య పిషారోత్ రామ పిషారోటి. ఆయన 1970 ప్రాంతమున కేరళలో కొబ్బరితోటలకు సోకిన వేరు తెగులును కనుగొనుటకై హెలికాప్టరు నుండి పరారుణ ఫిల్ముపై ఛాయాచిత్రములు తీయించెను. 1974లో హైదరాబాదున జాతీయ దూరగ్రహణ సంస్థ ఏర్పడెను. అది 2008 నుండి జాతీయ దూరగ్రహణ కేంద్రమను పేరుతో ఇస్రోలో భాగముగా పని చేయుచున్నది. షాద్‌నగరులోని దాని కేంద్రము ఉపగ్రహములు పంపు సమాచారమును అందుకొనును. నిత్య వినియోగమునకై నిర్మింపబడిన మన తొలి దూరగ్రహణ ఉపగ్రహమైన ఐ.ఆర్.ఎస్.-1ఏ 1988 మార్చి 17న సోవియట్ దేశమునుండి ప్రయోగింపబడెను. 1994 అక్టోబరు 15న ఐ.ఆర్.ఎస్.-పి2 మన శ్రీహరికోటనుండియే పైకి పోయెను. పిమ్మట రిసోర్స్‌శాట్ వరుసలోని ఉపగ్రహములు ఈ పనిని కొనసాగించినవి.

ఈ చిత్రములను చదువుటకు మొదట రంగుల భాష తెలియవలెను. సాధారణముగా వాడు చిత్రములలో పచ్చని పైరు ఎర్రగా కనబడును. లోతైన తేటనీరు నల్లగాను, బురదనీరు నీలిచాయతోను, ఇసుక తెల్లగాను ఉండును. ఎర్రనిది పైరు, నల్లనిది నీరు అని జ్ఞాపకముంచుకొనిన చాలును.

రెండవది కొలత. చిత్రము చిన్న చిన్న గళ్లతో కూడియుండును. ఒక్కొక్క గడి నేలపై ఎంత స్థలమో తెలిసిననే ఆ చిత్రము దేనికి పనికివచ్చునో తెలియును. రిసోర్స్‌శాట్‌లోని ఒక కెమెరాకు గడి ప్రక్క కొలత 23.5 మీటర్లు, అనగా సుమారు 13½ సెంట్లు. చెరువు నీటి విస్తీర్ణమును చూచుటకు ఇది చాలును; రెండు మీటర్ల వెడల్పుగల వరవ కాలువను చూచుటకు చాలదు. అదే ఉపగ్రహములోని మరియొక కెమెరాకు గడి 5.8 మీటర్లు, అనగా ఒక సెంటుకంటె తక్కువ. కావున ఏటికొక చాలు జరిగిన సంగతి ఒక్క ఏటి చిత్రములో తేలకపోవచ్చును. పది ఏండ్ల చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టినచో తేలును.

ఇట్లు తేలిన దానికి మన రాష్ట్రములోనే ప్రసిద్ధమైన ఉదాహరణ కొల్లేరు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న ఈ సరస్సును 2001 ఫిబ్రవరి 9న మన ఉపగ్రహము చిత్రించెను. ఆ చిత్రమును పరిశీలింపగా 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో సుమారు 42 శాతము చేపల చెరువుల క్రింద ఉన్నట్లును, మరి 8.5 శాతము సేద్యము క్రిందికి పోయినట్లును తేలెను. లెక్కింపగా చేపల చెరువులు 1,050 ఉండెను. తేటనీరు కనబడు చోటే ఆ చిత్రములో లేదు. మిగిలిన భాగమును గుర్రపుడెక్క, తుంగవంటి కలుపు ఆక్రమించియుండెను. 2006లో ప్రభుత్వము అభయారణ్యములోని అనేక చేపల చెరువుల గట్లను తొలగించినది. అప్పటికి ఆ చెరువులపై ఆధారపడి బ్రతుకు కుటుంబములు అనేకములు ఉండెను. పది గట్లు లేచిననాడే చూచి అడ్డగించియున్న యెడల ఇందరికి ఇంత కష్టము కలుగకుండెడిది.

మన సమీపమున పులికాటు సరస్సు కలదు. దానికి వేయి మీటర్లలోపల, సాంప్రదాయిక పద్ధతులవి తప్ప, రొయ్యల చెరువులు ఉండరాదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు చెప్పెను. తిన్నని గట్లతో చదరముగానుండు రొయ్యల చెరువు ఆకాశమునుండి సులభముగా గుర్తుపట్టదగినది. నేలపట్టు చెరువులోని చెట్లపై గూళ్లు కట్టు గూడబాతులును నీటి నిలువపైననే ఆధారపడియున్నవి. చెరువు తగ్గిన యెడల ఆయకట్టుకు ఎంత నష్టమో, ఈ పక్షులకును అంత నష్టము.

అయితే చిత్రము చెప్పినదంతయు వెంటనే నమ్మరాదు. చెరువుపై గుర్రపుడెక్క క్రమ్మిన యెడల, క్రింద నిండు నీరున్నను, చిత్రములో అది పైరువలె ఎర్రగా కనబడును. చెరువు గర్భములోని సర్కారు తుమ్మయు అట్లే. అది చూచి ఎవరో సాగు చేయుచున్నారని తలచుట పొరపాటు. నీటి విస్తీర్ణము కనబడును గాని పూడిక ఎంత లోతున్నదో కనబడదు. భూమి ఎవరి పేర నున్నదో ఉపగ్రహమునకు తెలియదు.

మరియొక చిక్కు మేఘములు. మన ప్రాంతమున చెరువులు నిండునది అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వీచు ఈశాన్య ఋతుపవనములలోనే. సాధారణ కెమెరాకు అప్పుడే ఆకాశము మూసికొనిపోవును. 2021 నవంబరులో రామచంద్రాపురం మండలములోని రాయలచెరువు కట్టకు ప్రమాదమేర్పడి దిగువ గ్రామములవారిని తరలింపవలసి వచ్చినది ఇట్టి మేఘావృతమైన దినములలోనే. అందులకై మేఘములను దాటి చూడగల రాడారు ఉపగ్రహములను నిర్మించిరి. 2012 ఏప్రిల్ 26న రిశాట్-1, 2022 ఫిబ్రవరి 14న ఇ.ఓ.ఎస్.-04, 2025 జూలై 30న భారత అమెరికాలు కలిసి నిర్మించిన నిసార్ శ్రీహరికోటనుండి ప్రయోగింపబడినవి. నిసార్ 12 దినములకొక పర్యాయము అదే నేలను మరల చూచునట్లు రూపొందింపబడినది.

పంచాయతీ సభ్యులు చేయదగిన పని కష్టమైనది కాదు. హైదరాబాదు కేంద్రము 2009 నుండి "భువన్" అను పటముల స్థానమును ప్రజలకు అందుబాటులో నుంచినది. కంప్యూటరుపైననో, సెల్‌ఫోనుపైననో తమ గ్రామమును అందులో చూడవచ్చును. అమెరికా దేశపు లాండ్‌శాట్ ఉపగ్రహములు 1972 నుండి తీసిన చిత్రములు సైతము ఉచితముగా లభించును.

మొదట గ్రామములోని ప్రతి చెరువునకు పేరు, సర్వే నెంబరు, రికార్డులోని విస్తీర్ణము ఒక పట్టికగా వ్రాసికొనవలెను. పిమ్మట వానలు వెనుకబడి ఆకాశము తేటపడు జనవరి మాసపు చిత్రములను వేర్వేరు సంవత్సరములవి తీసికొని పోల్చవలెను. ఒక ఏటి జనవరిని మరియొక ఏటి మే మాసముతో పోల్చరాదు. కరవు సంవత్సరమును వరద సంవత్సరముతోను పోల్చరాదు. అనుమానము కలిగిన చోటికి గ్రామ సర్వేయరును వెంటబెట్టుకొని కాలినడకను పోయి, అచ్చట ఉన్నది పైరో, తుమ్మయో, గుర్రపుడెక్కయో కంటితో చూడవలెను. శాస్త్రజ్ఞులును ఈ నేల పరీక్ష లేనిదే తమ పటమును పూర్తియైనట్లు తలపరు. చూచిన సంగతిని గ్రామసభ ముందుంచి, తీర్మాన పుస్తకములో వ్రాసి, తహశీల్దారుకును జలవనరుల శాఖ ఇంజనీరుకును పంపవలెను.

చిత్రమునకు ముఖమోటము లేదు. పేదవాని పావు ఎకరమును, పెద్దవాని పది ఎకరములను అది ఒక్క తీరుగనే చూపును. మనమును అట్లే చూచిననాడు గ్రామములో తగవు లేకుండ పని జరుగును. కాని అది సాక్షియే గాని న్యాయాధిపతి కాదు. తీర్పు చెప్పవలసినది రికార్డు, నిలబెట్టవలసినది గ్రామసభ.

ఈ పర్యాయము శ్రీహరికోటలో రాకెట్టు లేచినప్పుడు మేడ దిగి వచ్చిన పిమ్మట, ఒకమారు చెరువు ఎగువ అంచువరకు నడచిపోయి చూడుడని సభ్యులను కోరుచున్నాము. అచ్చట క్రొత్త చాలు కనబడిన యెడల, అది ఇంకను ఒక్క చాలుగా ఉండగానే మాటలాడుట మంచిది.