విటమిను మాత్ర - మితమే హితం

నగరంలోనైనా, మండల కేంద్రంలోనైనా మందుల దుకాణం ముందు కొంతసేపు నిలుచున్నవారికి ఒక దృశ్యం తరచు కనబడుతుంది. నీరసంగా ఉన్నదని ఒకరు, పరీక్షలు దగ్గరపడినవని మరొకరు, జుట్టు రాలుతున్నదని ఇంకొకరు వైద్యుని చీటీ లేకుండానే విటమిను మాత్రలు కొనుక్కొని పోతుంటారు. వీరిలో కొందరి ఇళ్లలోనే గర్భవతి అయిన కూతురికో కోడలికో ఆరోగ్య కేంద్రం ఉచితంగా ఇచ్చిన ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు కవరు విప్పకుండానే గూటిలో పడి ఉంటాయి. కడుపులో త్రిప్పుతుందని, మలం నల్లబడుతుందని ఆమె వాటిని మానివేసి ఉంటుంది. అవసరం లేనివారు మ్రింగుతున్నారు, అవసరమున్నవారు మానుతున్నారు. విటమినుల విషయంలో నేటి సమస్య సారాంశం ఇదే.

శరీరం తనంతట తాను తగినంతగా తయారు చేసుకోలేని, అయినా అత్యల్ప పరిమాణంలో తప్పనిసరి అయిన పదార్థాలు విటమినులు. ఈ పేరును 1912లో పోలెండు దేశస్థుడైన శాస్త్రవేత్త కాసిమిర్ ఫంక్ ప్రచారంలోకి తెచ్చాడు. నేటికి నిర్ధారణ అయిన విటమినులు 13. ఇవి అన్నంవలె, పప్పువలె శక్తిని ఇచ్చేవి కావు. తిన్న ఆహారం శక్తిగా, రక్తంగా, ఎముకగా మారే క్రియలకు ఇవి తోడ్పడతాయి. కనుక విటమిను మాత్రను ‘బలం మాత్ర’ అని పిలవడం సరికాదు. లోపం లేనివానికి ఆ మాత్ర వలన కొత్త బలం చేకూరదు.

ఎంత అల్ప పరిమాణం అన్నది కూడా గమనార్హం. పెద్దవారికి రోజుకు కావలసిన బి12 విటమిను సుమారు 2 మైక్రోగ్రాములు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షవ వంతు. ఇటువంటి కొలతలతో పని చేసే పదార్థాల విషయంలో ‘కొంచెం ఎక్కువైతే ఏమి?’ అన్న ధోరణి ప్రమాదకరం.

దేశం నేర్చుకున్న పాఠం

విటమినుల చరిత్రలో భారతదేశానికి విశిష్ట స్థానం కలదు. 1918లో నీలగిరులలోని కూనూరులో సర్ రాబర్ట్ మెకారిసన్ ఆధ్వర్యాన బెరిబెరి వ్యాధిపై పరిశోధనకు ఒక చిన్న ప్రయోగశాల ఏర్పడింది. నాటి మద్రాసు రాష్ట్రంలో ఈ వ్యాధి ముఖ్యంగా ఉత్తర సర్కారు జిల్లాలలో, అనగా తెలుగువారి కోస్తా ప్రాంతంలో కనిపించేది. అక్కడి ప్రజలు మరపట్టిన పచ్చి బియ్యం తినేవారు. తవుడుతో పాటు బి1 విటమిను కూడా పోయేది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలలో వ్యాధి అరుదు. ధాన్యాన్ని ఉడకబెట్టినప్పుడు ఆ విటమిను గింజలోనికి ఇంకి నిలుస్తుంది. ఆ ప్రయోగశాలయే క్రమంగా విస్తరించి 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధి పొందింది.

బొంబాయిలో ఆంగ్ల వైద్యురాలు లూసీ విల్స్ 1928 నుండి మిల్లు కార్మిక కుటుంబాలకు చెందిన గర్భిణులలో తీవ్ర రక్తహీనతను పరిశీలించారు. ఈస్టు సారం ఇచ్చినప్పుడు వారు కోలుకున్నట్లు 1931లో ఆమె ప్రకటించారు. ఆ సారంలోని గుణకారి పదార్థమే తరువాత ఫోలిక్ ఆమ్లంగా గుర్తింపబడింది. 1940వ దశకంలో అమెరికాలో దానిని కృత్రిమంగా తయారు చేసిన పరిశోధక బృందానికి మార్గదర్శి భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

దక్కను పీఠభూమిలో జొన్న ప్రధానాహారంగా గల పేదలలో చర్మం నల్లబడి పగిలే పెల్లాగ్రా వ్యాధిని డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్. జి. శ్రీకంఠయ్య హైదరాబాదులో పరిశోధించారు. జొన్నలో అధికంగా గల లూసిన్ అనే ఆమ్లానికి ఈ వ్యాధితో సంబంధం ఉండవచ్చునని వారు 1960లో సూచించారు. ఇక చిన్నపిల్లల చూపును హరించే ఎ విటమిను లోపంపై పోరాటంగా 1970లో జాతీయ కార్యక్రమం ఆరంభమయింది. తొమ్మిదవ నెలలో 1 లక్ష యూనిట్లు, ఆ తరువాత ఆరు నెలలకొకసారి 2 లక్షల యూనిట్ల చొప్పున ఐదేండ్లు నిండేవరకు ఈ ద్రావణాన్ని పిల్లలకు పోస్తారు.

ఈ అనుభవాలన్నింటిలో ఒక సామాన్య సూత్రం ఉన్నది. ఏ లోపం, ఎవరిలో, ఎందువలన అన్నది ముందు తెలుసుకొన్నారు. తరువాతనే కొలిచి ఇచ్చారు. ఆరు నెలలకొకసారి పోసిన ద్రావణం పిల్లవాని కంటిచూపును కాపాడుతుంది. అదే ద్రావణాన్ని మమకారంతో రోజూ పోస్తే కాలేయం దెబ్బ తింటుంది.

మోతాదు మించితే

విటమినులు రెండు తరగతులు. ఎ, డి, ఇ, కె విటమినులు కొవ్వులో కరుగుతాయి. వీటిలో ముఖ్యంగా ఎ, డి విటమినులు అధికంగా తీసుకొన్నప్పుడు కాలేయంలో, కొవ్వులో పేరుకొంటాయి. బి వర్గం, సి విటమినులు నీటిలో కరుగుతాయి. మిగులు చాలవరకు మూత్రంలో పోతుంది. మాత్ర వేసుకొన్నాక మూత్రం పసుపుపచ్చగా రావడానికి బి2 విటమిను కారణం. అందువలన భయం లేదు. అయితే నీటిలో కరిగేవన్నీ నిరపాయకరములని భావించరాదు. బి6 విటమినును పెద్ద మోతాదులో దీర్ఘకాలం తీసుకొన్నవారికి కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి నరాలు దెబ్బ తినడం వైద్యులు ఎరిగినదే. దీనికి రోజుకు 100 మిల్లీగ్రాముల గరిష్ఠ పరిమితి చాలాకాలంగా వాడుకలో ఉండగా, ఐరోపా నిపుణులు 2023లో తమ పరిమితిని 12 మిల్లీగ్రాములకు తగ్గించారు.

పెద్దవారికి ఎ విటమిను రోజుకు 3,000 మైక్రోగ్రాములు, అనగా 10,000 యూనిట్లు మించరాదు. గర్భం దాల్చిన తొలి మాసాలలో రెటినాల్ రూపంలో ఈ విటమిను అధికమైతే పిండానికి అంగవైకల్యం కలిగే ప్రమాదం ఉన్నది. ఆకుకూరలలో, బొప్పాయిలో ఉండే కెరోటిన్ వలన ఈ ముప్పు లేదు.

డి విటమినుకు దైనిక గరిష్ఠ పరిమితి 4,000 యూనిట్లు. మన దేశంలో 60,000 యూనిట్ల గుళికలు, పొడి పొట్లాలు విరివిగా లభిస్తాయి. వైద్యులు వీటిని సాధారణంగా వారానికొకటి చొప్పున, కొద్ది వారాలకు మాత్రమే వ్రాస్తారు. ‘వారానికి’ అన్న మాటను ‘రోజుకు’ అని పొరబడినవారికి రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం కలుగుతాయి. చివరకు మూత్రపిండాలు చెడతాయి.

పొగత్రాగేవారు ప్రత్యేకంగా తెలుసుకొనవలసిన విషయం ఒకటున్నది. ఫిన్లాండులో 29,133 మంది పొగత్రాగే పురుషులపై జరిగిన పరిశోధన ఫలితాలు 1994లో వెలువడినవి. బీటా కెరోటిన్ మాత్రలు తీసుకొన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గకపోగా 18 శాతం పెరిగింది. కూరగాయలో మేలు చేసిన పదార్థం మాత్రగా మారినప్పుడు అదే మేలు చేస్తుందన్న నమ్మకం తప్పని ఇది నిరూపించింది.

ఎవరికి అవసరం?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏండ్ల లోపు స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనులు. గర్భిణులలో ఇది 52 శాతం. అందుచేతనే నాలుగవ నెల నుండి 180 రోజులు, ప్రసవానంతరం మరి 180 రోజులు, రోజుకొక మాత్ర చొప్పున ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్నది. ఇందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. మలం నల్లబడడం హాని సూచకం కాదు. వికారంగా ఉంటే భోజనం తరువాత, లేదా రాత్రి పడుకోబోయే ముందు వేసుకొనవచ్చును. మానివేయడం మాత్రం తల్లికి, బిడ్డకు కూడా కీడు.

మాంసము, గ్రుడ్లు ముట్టని శాకాహారులలో, పాలు కూడా త్రాగనివారైతే మరింతగా, బి12 లోపం రావచ్చును. వృద్ధులకు, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడేవారికి, జీర్ణాశయ శస్త్రచికిత్స జరిగినవారికి కూడా ఈ లోపం సంభవమే. ఇట్టివారు పరీక్ష చేయించుకొనకుండా కేవలం ఫోలిక్ ఆమ్లం అధికంగా తీసుకొంటే రక్తహీనత తగ్గినట్లు కనిపించి, నరాలకు జరిగే నష్టం మరుగున సాగిపోతుంది. ఎండ సోకనివారికి డి విటమిను అవసరం కావచ్చును. తక్కిన ఆరోగ్యవంతులు, కడుపునిండా వైవిధ్యమున్న ఆహారం తినగలవారు, దైనిక మాత్ర వలన పొందే లాభం స్వల్పం.

వాడదలచినవారికి సూచనలు

అయినను వాడదలచినవారు మొట్టమొదట సీసాపై ముద్రించినదానిని చదవాలి. ఆహార పూరకంగా అమ్మేదానిపై ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల లైసెన్సు సంఖ్య, ‘ఔషధ వినియోగానికి కాదు’ అన్న హెచ్చరిక ఉంటాయి. ఔషధంగా తయారైనదానిలో మోతాదు అంతకంటె హెచ్చుగా ఉండవచ్చును. దానిని వైద్యుడు చెప్పినన్ని రోజులే వాడాలి. ప్రతి విటమిను సిఫారసు చేసిన దైనిక పరిమాణంలో సుమారు నూరు శాతానికి లోబడి ఉన్న మాత్ర నిత్య వినియోగానికి సురక్షితం.

రెండవది, కూడిక. ఎముకలకని కాల్షియం మాత్ర, జుట్టుకని మరొకటి, బలానికని పాలలో కలిపే పొడి ఒకే ఇంట్లో ఒకే వ్యక్తి వాడడం కద్దు. ప్రతిదానిలోను డి విటమిను ఉండవచ్చును. వేరువేరు పేర్లు చూసి వేరువేరు వస్తువులని భ్రమపడక, అన్నింటిలోని పరిమాణాలను ఒక కాగితంపై కూడి చూసుకోవాలి.

మూడవది, వేళ. కొవ్వులో కరిగే విటమినులు భోజనంతో బాగా వంటబడతాయి. ఇనుమును టీ, కాఫీలతో తీసుకోరాదు. కనీసం గంట ఎడముండాలి. నిమ్మరసం, ఉసిరి దానికి తోడ్పడతాయి. ఇనుము, కాల్షియం మాత్రలు ఒకే సమయంలో వేసుకోరాదు. థైరాయిడ్ మాత్రకూ వీటికీ నాలుగు గంటల వ్యవధి అవసరం. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మందు వాడేవారికి కె విటమిను ఉన్న మాత్ర ఆ మందు పనిని తారుమారు చేయగలదు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడగనిదే ఏ మాత్రా ముట్టరాదు. జుట్టుకు వాడే బయోటిన్ కొన్ని థైరాయిడ్, గుండె పరీక్షల ఫలితాలను తప్పుగా చూపించవచ్చును. కనుక రక్తపరీక్షకు ముందు ఆ సంగతి చెప్పాలి.

నాలుగవది, పిల్లలు. ఎర్రని పూతతో మెరిసే ఇనుము మాత్ర పసివారికి మిఠాయివలె తోస్తుంది. పెద్దలకు మేలు చేసే మాత్రలు కొన్ని ఒక్కసారిగా మ్రింగిన చిన్నబిడ్డ ప్రాణానికే ముప్పు. అట్లు జరిగితే లక్షణాలకై ఎదురుచూడక, మాత్రల కవరుతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. మాత్రలు తేమ తగలని చోట, పిల్లలకు అందని ఎత్తులో ఉండాలి. ‘మందు కాదులే’ అని భోజనాల బల్లమీద వదలివేయడం తగదు.

పంజాబు రైతు ఇంట ఆవాకు కూర, బెంగాలులో చేప, కన్నడ నాట రాగి ముద్ద, తెలుగునాట గోంగూర పప్పు, మునగాకు వేపుడు - భారతీయుని విస్తరి ప్రాంతానికొక రుచితో, ఋతువుకొక రంగుతో నిండి ఉన్నది. ఆ విస్తరికి అందనిది ఏదైనా ఉన్నప్పుడు మాత్ర ఎంతో విలువైనది. కూనూరు నుండి హైదరాబాదు వరకు సాగిన శతాబ్ది పరిశోధన నేర్పినది ఇదే. దుకాణం నుండి కొత్త సీసా తెచ్చేముందు గూటిలో విప్పకుండా ఉన్న ఆ కవరు ఎవరిదో చూచి, ఆమె చేతికి ఒక గ్లాసెడు మంచినీళ్లతో అందించడం ప్రతి కుటుంబం చేయదగిన మొదటి పని.